ప్లేటు ఎప్పుడు తెరిచి చూడాలి?

ప్రశ్న: మేడమ్, నేను వైద్య కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. మైక్రోబయాలజీ అంటే ఇష్టమే, కానీ నన్ను ఏడిపిస్తున్నదీ అదే. ఒక్కో అధ్యాయం మూడు నాలుగు సార్లు చదువుతాను. మూడు రంగుల హైలైటర్లతో గీతలు గీస్తాను. రాత్రి పడుకునేటప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పది రోజుల తర్వాత వైవాలో అడిగితే స్టాఫిలోకాకస్‌కీ స్ట్రెప్టోకాకస్‌కీ తేడా కూడా నోటికి రాదు. నా జ్ఞాపకశక్తి మీదే అనుమానం పుడుతోంది. ఆన్‌లైన్‌లో ఒక పరీక్ష రాస్తే నేను 'చూసి నేర్చుకునే రకం' అని వచ్చింది. అందుకని బొమ్మల నోట్సు కూడా మొదలుపెట్టాను. పెద్ద మార్పేమీ లేదు.

ఇంకో సంగతి. మా ప్రొఫెసర్‌గారు నాతో ఒక చిన్న పరిశోధన చేయిద్దామంటున్నారు. మా క్లాసులో 60 మందిమి. పాఠం అయ్యాక చిన్న క్విజ్ పెడితే మైక్రోబయాలజీ ఎక్కువ కాలం గుర్తుంటుందా అన్నది ప్రశ్న. క్విజ్‌కి ముందుకొచ్చినవాళ్లు ఒక గుంపు, మిగతావాళ్లు ఇంకో గుంపు. వారం చివర్లో అందరికీ ఒక పరీక్ష పెట్టి మార్కులు పోల్చడం. ఇదీ ఆయన చెప్పిన పద్ధతి. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. "ల్యాబ్‌లో బ్యాక్టీరియా మీద చేస్తే పరిశోధన గానీ క్విజ్‌ల మీద పరిశోధనేంటి, అదీ అరవై మందితో!" అంటున్నారు. ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ఎలా చేయాలి? నాకే గుర్తుండని సబ్జెక్టులో నేను పరిశోధన చేయడమేంటని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, నేను పాఠాలు చెప్పిన పిల్లల ఈడే నీది. అందుకని 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు రెండు ప్రశ్నలు వేరువేరుగా రాశావు గానీ రెండింటిలోనూ ఉన్న తప్పు ఒక్కటే. ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ప్లేటును చూడాల్సిన రోజున కాకుండా ఇంకో రోజున చూస్తున్నారు మీరు. నువ్వూ, మీ ప్రొఫెసర్‌గారూ కూడా.

ఈ మాట అర్థం కావాలంటే నీకిష్టమైన సబ్జెక్టులోకే వెళ్దాం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో కడుపు లోపలి పొర ముక్కల్లో వంకర తిరిగిన బ్యాక్టీరియాను చూశాడు. తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. రోగుల నుంచి తీసిన ముక్కలను ప్లేటులో పెంచి చూసే కల్చర్‌కి పంపడం మొదలుపెట్టారు. 30 మందికి పైగా అయిపోయారు, ఒక్క ప్లేటులోనూ ఏమీ పెరగలేదు. ఎందుకంటే మామూలు గొంతు శాంపిల్స్‌కి చేసినట్టే ల్యాబ్‌వాళ్లు రెండు రోజులు చూసి ప్లేట్లు పారేస్తున్నారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పారేసేవాళ్లు లేక ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఐదు రోజులు ఉండిపోయాయి. తెరిచి చూస్తే బ్యాక్టీరియా కాలనీలు! ఇవాళ నువ్వు హెలికోబాక్టర్ పైలోరీ అని చదువుకుంటున్నది దాన్నే. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కడుపులో పుండుకు బ్యాక్టీరియా కారణమన్న సంగతి అంతకు ముందు ప్లేట్లలో లేక కాదు, చూసిన రోజున కనబడలేదు, అంతే.

చదువులో ఇదే కథ తిరగబడి జరుగుతుంది. అక్కడ రెండో రోజు లేనిది ఐదో రోజుకు కనిపించింది. ఇక్కడ చదివిన రాత్రి నిండుగా కనిపించినది పదో రోజుకు ఉండదు. నువ్వేమో రాత్రి ప్లేటు చూసి 'బాగా పెరిగింది' అని రిపోర్టు రాసేసుకుంటున్నావు.

ఇది నా ఊహ కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ కాగితం మీద గుర్తున్నంత రాసింది, వ్యాసం మళ్లీ చూడకుండా. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. అక్కడితో ఆపేసి ఉంటే 'మళ్లీ మళ్లీ చదవడమే మేలు' అని తేలేది. వారం తర్వాత చూస్తే లెక్క తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61. నాలుగు విడతల్లో మొదటి గుంపువాళ్లు ఆ వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివారు, రెండోవాళ్లు మూడు సార్లకు కాస్త ఎక్కువ, అంతే. ఇంకో తమాషా ఏమిటంటే, వారం తర్వాత నీకెంత గుర్తుంటుందని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా చెప్పినవాళ్లు ఆ 14 సార్లు చదివినవాళ్లే.

కాబట్టి నీ జ్ఞాపకశక్తి గురించి దిగులు మానుకో. నాలుగోసారి చదివేటప్పుడు వాక్యం సాఫీగా సాగిపోతుంది. 'అరే, ఇది తెలుసు' అనిపిస్తుంది. కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టడం వేరు, కళ్ల ముందు లేనిదాన్ని బయటికి లాగడం వేరు. వైవాలో అడిగేది రెండోది. నువ్వు రోజూ సాధన చేస్తున్నది మొదటిది. ఈత పుస్తకం నాలుగుసార్లు చదివి నీళ్లలో దూకినట్టుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. బ్యాక్టీరియాకు రంగు పట్టించి రకం తేల్చే గ్రామ్ స్టెయినింగ్‌నే తీసుకో, ఎలాగూ ప్రాక్టికల్స్‌లో అడుగుతారు. పాఠం ఒక్కసారి మనసుపెట్టి చదువు. పుస్తకం మూసెయ్. తెల్ల కాగితం మీద నాలుగు మెట్లు రాయి: క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, ఆల్కహాల్, శాఫ్రనిన్. ఇది బట్టీ పట్టినా వస్తుంది. అసలు పని దీని తర్వాత ఉంది. ఒక్కో మెట్టు పక్కన 'ఇది లేకపోతే ఏమవుతుంది?' అని నువ్వే అడుక్కుని జవాబు రాయి. అయొడిన్ మర్చిపోతే? రంగును లోపల పెద్ద ముద్దలా పట్టి ఉంచేది అదే కాబట్టి, ఆల్కహాల్ పోయగానే గ్రామ్ పాజిటివ్ నుంచి, అంటే ఊదా రంగు నిలుపుకోవాల్సిన బ్యాక్టీరియా నుంచి కూడా రంగు కారిపోవచ్చు. ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచితే? మందంగా ఉన్న పెప్టిడోగ్లైకాన్ గోడ కూడా చివరికి రంగు వదిలేస్తుంది, గ్రామ్ పాజిటివ్ కాస్తా ఎర్రగా కనిపించి నిన్ను మోసం చేస్తుంది. అసలు ఆల్కహాలే పోయకపోతే? అన్నీ ఊదా రంగే. రాయలేకపోయిన చోట ఆగి కాసేపు తన్నుకులాడు. వెంటనే పుస్తకం తెరవకు. ఆ తర్వాత తెరిచి, తప్పు రాసినదాన్ని ఎర్ర పెన్నుతో దిద్దు. హైలైటర్ ఇక్కడ వాడుకో, అదీ తప్పుల మీద మాత్రమే.

1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఈ పద్ధతి కనిపెట్టింది బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడగొట్టడానికి కాదు. న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియా విడిగా కనిపించాలని. కొన్ని రకాలు రంగు వదిలేయడం ఆయనకు ఒక లోపంగానే తోచింది. ఆ లోపమే ఇవాళ మన మొదటి పరీక్ష. ఇలాంటి కథలు కూడా కాగితం మీద ఒక మూల రాసుకో, గుర్తుండటానికి కొక్కెంలా పనికొస్తాయి.

ఇక స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ తగాదా. నువ్వు ఒక రాత్రంతా మొదటిది, మర్నాడు రాత్రంతా రెండోది చదువుతున్నావని నీ ఉత్తరంలో లేదు గానీ నాకు తెలుసు, అందరూ అంతే చేస్తారు. పుస్తకం అలాగే ఉంటుంది మరి. అలా చదివితే ఒక్కోదాని లక్షణాలు వస్తాయి, తేడా రాదు. తేడా రావాలంటే రెంటినీ పక్కపక్కన పెట్టి కలగలిపి అడుక్కోవాలి. గుత్తులా, గొలుసులా? హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలొస్తాయా, రావా? బుడగలొస్తే క్యాటలేజ్ అనే ఎంజైమ్ ఉంది, స్టాఫిలోకాకస్ వైపు మొగ్గు. సరే, ఆ తర్వాత కోయాగ్యులేజ్ పరీక్ష.

కలగలిపి చదివేటప్పుడు కష్టంగానే ఉంటుంది, తప్పులు పెరుగుతాయి. 2007లో రోరర్, టేలర్ లెక్కల మీద చేసిన ప్రయోగంలో ఒకే రకం లెక్కలు వరుసగా చేసినవాళ్లకు సాధన చేసేటప్పుడు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో? వరుసగా చేసినవాళ్లకు 20, కలిపి చేసినవాళ్లకు 63. చూశావా, మళ్లీ అదే గొడవ, ప్లేటు ఎప్పుడు తెరిచామన్నది.

వైద్యంలో ఇది ఇంకా ముఖ్యం. రోగి ఏ అధ్యాయం తాలూకో నుదుటి మీద రాసుకుని రాడు. జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోయి ఉంటాడు. వెన్నునీరు తీసి స్లైడ్ చేస్తే గ్రామ్ నెగటివ్ జంట కాకై, అంటే గుండ్రటి బ్యాక్టీరియా జంటలు కనిపిస్తే మెనింగోకాకస్ అంటావు, గ్రామ్ పాజిటివ్ జంటలైతే న్యుమోకాకస్, సన్నటి గ్రామ్ పాజిటివ్ కడ్డీలైతే లిస్టీరియా గుర్తుకు రావాలి. ఈ మూడూ నీ పుస్తకంలో మూడు చోట్ల ఉంటాయి. వాటిని ఒకే కాగితం మీదికి తెచ్చే పని నీదే. మీ సీనియర్లను ఇలా అడుగు: "పేషెంటును చెప్పండి, పేరు నేను చెప్తాను."

ఎడం సంగతి క్లుప్తంగా. ఇవాళ రాసిన కాగితాన్ని రేపు మళ్లీ ఖాళీ కాగితం మీద రాయి, తర్వాత నాలుగైదు రోజులకు, ఆ తర్వాత రెండు మూడు వారాలకు. ఇవి మంత్రసంఖ్యలు కావు. ఎంత ఎక్కువ కాలం గుర్తుండాలో అంత ఎక్కువ ఎడం ఇవ్వాలన్నదే పరిశోధనలు చెప్పేది. కాస్త మర్చిపోయాక గుర్తు తెచ్చుకుంటేనే లాభం. పూర్తిగా మర్చిపోయేదాకా ఆగితే మళ్లీ మొదటికి వస్తుంది.

'చూసి నేర్చుకునే రకం' గురించి ఒక్క మాట చాలు. 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు ఆనాటికి ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, మనిషి 'రకాన్ని' బట్టి బోధిస్తే ఎక్కువ వస్తుందని నమ్మడానికి తగిన ఆధారం లేదని రాశారు. బొమ్మలు వెయ్, మానొద్దు. కానీ పుస్తకం చూసి కాదు, మూసి వెయ్.

ఇప్పుడు మీ ఫ్రెండ్స్ నవ్వు సంగతి. పాపం, వాళ్లను తప్పుపట్టలేం. మైక్రోస్కోప్ కనిపిస్తేనే సైన్స్ అనుకునే వయసు. 1885లో హెర్మాన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలను తయారుచేసుకుని, బట్టీ పట్టి, మర్చిపోయి, మళ్లీ పట్టడానికి ఎంత సమయం ఆదా అయిందో కొలిచి పుస్తకం వేశాడు. పరిశోధకుడూ ఆయనే, ప్రయోగానికి కూర్చున్న మనిషీ ఆయనే. ఒకే ఒక్కడు! ఒక రోజు తర్వాత ఆదా మూడో వంతు, నెల తర్వాత ఐదో వంతు. మర్చిపోవడం మొదట్లో జారుడుబల్లలా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని ఆయన గీసిన గీతను 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే ఇంచుమించు అదే వచ్చింది. ఎవరు చేసినా అదే రావడం కన్నా సైన్స్‌కి ఇంకేం కావాలి? అరవై మంది ఉన్నారు నీకు.

అయితే అరవై మందితో ఏదో ఒకటి తేలుతుందా అంటే, అది ఎంతమంది అన్నదాని కన్నా ఎలా విడదీశావు, ఎప్పుడు చూశావు అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. వైద్యంలో రాండమైజ్డ్ ట్రయల్‌కి అంటే గుంపులను లాటరీలా విడదీసే ప్రయోగానికి అందరూ చూపించే ఉదాహరణ క్షయకు స్ట్రెప్టోమైసిన్ ట్రయల్. 1948లో ప్రచురించారు. మొత్తం రోగులు 107 మందే. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది డాక్టరు ఇష్టానికి వదల్లేదు, రోగి ఇష్టానికీ వదల్లేదు. బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త రాండమ్ సంఖ్యలతో పేర్చి, సీలు వేసిన కవర్లలో పెట్టాడు. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే ఉన్న 52 మందిలో 14 మంది చనిపోయారు. అంత చిన్న సంఖ్యతోనే ప్రపంచం నమ్మింది, ఎందుకంటే విడదీసిన తీరులో వేలు పెట్టడానికి సందు లేదు. దాని తర్వాతి ముక్క పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. ఐదేళ్లకు చూస్తే 55 మందిలో 32 మంది, 52 మందిలో 35 మంది పోయారు. మందుకు బ్యాక్టీరియా లొంగడం మానేసింది. అందుకే ఒకే మందు కాకుండా రెండు మూడు కలిపి ఇవ్వడం మొదలైంది. ఆరు నెలల లెక్క అబద్ధం కాదు, ఐదేళ్ల లెక్కా అబద్ధం కాదు.

మీ ప్రొఫెసర్‌గారి ప్లాన్‌లో రెండు చిల్లులున్నాయి. మొదటిది, ముందుకొచ్చినవాళ్లతో గుంపు కట్టడం. క్విజ్‌కి చెయ్యెత్తేది ఎవరు? ఎలాగూ చదివేవాళ్లు. వాళ్లకు మార్కులు ఎక్కువ వస్తే అది క్విజ్ మహిమా, వాళ్ల మహిమా? రెండోది, వారం చివర్లో ఒకే పరీక్ష. రాసేవాళ్ల బుర్రలో ఇంకా వేడి చల్లారదు.

ఈ రెండో తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫంగస్‌ల పాఠానికి ఒక కొత్త పద్ధతి కనిపెట్టానని నమ్మాను, రంగురంగుల చార్టులతో. పాఠం అయిన రోజే పరీక్ష పెడితే మార్కులు ఎగిరి గంతేశాయి. స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పుకున్నాను. రెండు నెలల తర్వాత ప్రాక్టికల్స్‌లో అవే పిల్లలు స్లైడ్ మీద ఆస్పర్జిల్లస్‌ని చూసి మౌనవ్రతం పట్టారు. ఆ చార్టులు చాలాకాలం బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, నన్ను చూసి నవ్వుతున్నట్టు.

నువ్వైతే ఇలా చెయ్యి. క్లాసును రెండుగా చీల్చి ఒకళ్లకు క్విజ్, ఒకళ్లకు ఏమీ లేకపోవడం వద్దు. రెండు పాఠాలు తీసుకో, ఇంచుమించు ఒకే బరువున్నవి. గ్రామ్ పాజిటివ్ కాకై ఒకటి, పేగుల్లో ఉండే గ్రామ్ నెగటివ్ కడ్డీలు ఒకటి అనుకుందాం. లాటరీలో మొదటి 30 మంది మొదటి పాఠానికి క్విజ్ రాస్తారు, రెండో పాఠానికి అవే సంగతులున్న ఒక సారాంశం కాగితం చదువుతారు. మిగతా 30 మందికి తిరగేసి. ఇప్పుడు ప్రతి విద్యార్థీ తనకు తానే కంట్రోల్, అంటే పోల్చుకునే కొలమానం. తెలివైనవాడు, మొద్దబ్బాయి అన్న తేడా లెక్కలోంచి జారిపోతుంది. ఎవరికీ అన్యాయం జరగలేదు, అందరికీ రెండూ అందాయి. 2009లో లార్సెన్, బట్లర్, రోడిగర్ రెసిడెంట్ డాక్టర్లతో సరిగ్గా ఇలాగే చేశారు. ఒక గుంపు ఆగకుండా వచ్చే మూర్ఛల మీద పరీక్షలు రాసి, మయాస్తీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బు మీద సారాంశం చదివింది. ఇంకో గుంపు తిరగేసి. ఆరు నెలల తర్వాత పరీక్షలు రాసిన అంశంలో సగటు 39 శాతం, చదివిన అంశంలో 26. తేడా గట్టిదే. కానీ 39 అన్న అంకెను కూడా ఒకసారి చూడు. క్విజ్ సంజీవని ఏమీ కాదు, డాక్టర్లు కూడా ఆరు నెలల్లో సగానికి పైగా మర్చిపోయారు.

సమయం రెండింటికీ సమానంగా ఇవ్వు. క్విజ్ పది నిమిషాలైతే చదవడమూ పది నిమిషాలే, లేకపోతే ఎక్కువ సేపు కూర్చోవడం వల్ల లాభమొచ్చిందంటారు. క్విజ్ అయ్యాక సరైన జవాబులు చూపించు, లేకపోతే తప్పు జవాబే స్థిరపడిపోతుంది. చివరి పరీక్షలో క్విజ్ ప్రశ్నలనే మక్కీకి మక్కీ ఇవ్వకు. కొన్ని రోగి కథలుగా మార్చు. దిద్దేవాళ్లకు ఎవరిది ఏ గుంపో తెలియకూడదు, పేరు బదులు కోడ్ నంబరు పెట్టు.

చివరి పరీక్ష ఎప్పుడన్నది అన్నిటికన్నా పెద్ద ముడి. వారం తర్వాత ఒకసారి, రెండు నెలల తర్వాత ఇంకోసారి పెడదామని నీకు తోస్తుంది. మంచి ఆలోచనే కానీ ఒక చిక్కుంది. వారానికి పెట్టిన పరీక్ష కూడా ఒక క్విజ్జే! అది రాసినందువల్లే రెండు నెలలకు గుర్తుండొచ్చు, అప్పుడు రెండు పాఠాల మధ్యా తేడా చెరిగిపోతుంది. ప్లేటును తెరిచి చూడటం వల్లే ప్లేటు మారిపోవడం మన ల్యాబ్‌లోనూ ఎరిగిందే, గాలిలోంచి ఏదో ఒకటి వచ్చి పడుతుంది. అందుకని ప్రశ్నలను ముందే రెండు కట్టలు చెయ్యి. ఒక కట్ట వారానికి, రెండోది ఎవరూ ముట్టకుండా రెండు నెలలకు. ఏ కట్ట ఎప్పుడన్నది కూడా లాటరీయే తేల్చాలి. ఇలా చేసినా మొదటి కట్ట రాయడం వల్ల రెండో కట్టలోని సంగతులు కొన్ని కదలవచ్చు. ఆ మాట రిపోర్టులో దాచకుండా రాయి.

హాస్టల్లో పిల్లలు ఒకరికొకరు క్విజ్ ప్రశ్నలు చెప్పేసుకుంటారు, ఆపలేవు. అది కూడా కంటామినేషనే. చివర్లో 'ఇంకో గుంపు ప్రశ్నలు నీకు ముందే తెలిశాయా?' అని అడిగి లెక్క రాసుకో. మధ్యలో రానివాళ్లు ఎంతమందో, ఏ గుంపువాళ్లో కూడా.

ఇంకొక్క ప్రశ్న చేర్చమని బతిమాలుతున్నాను. పైసా ఖర్చు లేదు. క్విజ్ గానీ చదువు గానీ అయిన వెంటనే ప్రతి ఒక్కరినీ అడుగు: "రెండు నెలల తర్వాత ఇందులో నీకెంత శాతం గుర్తుంటుందనుకుంటున్నావు?" 2008లో కార్పికీ, రోడిగర్ స్వాహిలీ మాటలు 40 నేర్పించి ఇదే అడిగారు. అన్ని గుంపులూ ఇంచుమించు సగం అన్నాయి. వారం తర్వాత, నేర్చుకున్నాక కూడా తమను తాము పరీక్షించుకుంటూ పోయినవాళ్లకు దాదాపు 80 శాతం గుర్తున్నాయి, పరీక్ష ఆపేసినవాళ్లకు మూడో వంతు మాత్రమే. తమలో జరుగుతున్నది తమకే తెలియలేదు. మీ క్లాసులో ఈ అంచనాకూ అసలు మార్కులకూ మధ్య దూరం ఎంతుందో చూడాలని నాకే ఆత్రంగా ఉంది. నిజం చెప్పాలంటే క్విజ్ లాభం కన్నా ఆ దూరమే నీ పరిశోధనలో కొత్త ముక్క అవుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, డేటా తర్వాత. 'క్విజ్జే కదా' అని దాటేయకు. పాఠం చెప్పి మార్కులు వేసే మనిషే సమ్మతి పత్రం చాస్తే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ పత్రాలు ఇంకెవరైనా తీసుకోవాలి, ఈ మార్కులు ఇంటర్నల్స్‌లో కలవకూడదు, వద్దన్నవాళ్లకు ఏ నష్టమూ ఉండకూడదు. ఏ అంకెను అసలు ఫలితంగా తీసుకుంటావో మొదలుపెట్టక ముందే రాసి తేదీ వెయ్. లెక్కలు చూసే గణాంకాల మనిషిని కూడా మొదట్లోనే కలువు. డేటా అంతా పోగేశాక వెళ్తే వాళ్లు చేయగలిగింది పోస్ట్‌మార్టమే. తేడా రాకపోతే రాలేదని రాయి. ఆ రిపోర్టుకూ విలువుంది.

'నాకే గుర్తుండని సబ్జెక్టులో నేనా' అన్నావు. ఇంకెవరు చేస్తారమ్మా? అన్నీ ఇట్టే గుర్తుండేవాడికి ఈ ప్రశ్నే పుట్టదు. ఒప్పుకో.

మిగిలింది ప్రొఫెసర్‌గారితో ఎలా మాట్లాడటమన్నది. "సర్, మీ ప్లాన్‌లో తప్పులున్నాయి" అని మాత్రం మొదలుపెట్టకు. ఆయనా మైక్రోబయాలజిస్టే, ఆయన భాషలోనే అడుగు. "సర్, క్షయ కల్చర్ పెట్టి మూడో రోజు తెరిచి పెరగలేదని రాస్తే మీరేమంటారు?" తిడతానంటారు, ఎనిమిది వారాలు ఆగమంటారు. అప్పుడు చివరి పరీక్ష తేదీ గురించి అడుగు. లాటరీ సంగతికి స్ట్రెప్టోమైసిన్ కవర్లు గుర్తుచెయ్. అన్నీ ఒకేరోజు అడగకు. సెమిస్టర్ టైమ్‌టేబుల్ చూసుకుని, పాఠం రోజుకూ చివరి పరీక్షకూ మధ్య కనీసం ఎనిమిది వారాలు వచ్చేలా రెండు తేదీలు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లు. ఆ మధ్యలో ఇంటర్నల్ పరీక్ష ఏదైనా పడుతుందేమో ముందే చూసుకో, పడితే దాంట్లో ఈ రెండు పాఠాలూ లేకుండా చూడమని ఆయన్నే అడగాలి.